చిన్న రసం లాంటి ఇల్లు!

నూజివీడులో మామిడిపండుని సైజు చూసి కొనరు, రుచి చూసి కొంటారు. పెద్ద రసం పక్కనే ఉన్నా చిన్న రసానికే గిరాకీ. మరి ఇల్లు కట్టుకునేటప్పుడు ఆ తెలివి ఏమవుతోంది? అవసరానికి మించిన గదులు, ఆ గదుల కోసం అప్పు, ఆ వేడి తట్టుకోలేక ఏసీలు... ఇదంతా లేకుండా చిన్న ఇంట్లో చల్లగా, హాయిగా బతకలేమా?

మే నెల, మిట్టమధ్యాహ్నం. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో మామిడితోటలు. కాయ కోతకొచ్చే రోజులు కాబట్టి తోటలో కాపలా పాక ఉంటుంది. తాటాకు కప్పు, లోపల ఓ నులక మంచం, మూలన నీళ్లకుండ. కరెంటు లేదు. అయినా కాపలా మనిషి కునుకు తీస్తుంటాడు.

అదే సమయంలో ఊళ్లోని రెండంతస్తుల డాబా ఇంట్లో ఫ్యాను వేడిగాలి కొడుతుంటుంది. గోడ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. లక్షలు పోసి కట్టిన ఇంట్లో లేని చల్లదనం ఆ పాకలోకి ఎక్కణ్నుంచి వచ్చింది?

గుట్టంతా మూడు మాటల్లో ఉంది... నీడ, గాలి, కప్పు. మామిడి చెట్టు వేసవిలో ఆకు రాల్చి మోడుగా మారదు. ఎండ ముదిరినప్పుడే చిక్కటి నీడనిస్తుంది. తాటాకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. అదే కాంక్రీటు స్లాబైతే పగలంతా ఎండని తాగి, రాత్రి మనం పడుకున్నాక నెమ్మదిగా కిందికి వదులుతుంది. పొద్దుగూకాక కూడా డాబా ఇల్లు ఉడికిపోయేది అందుకే.

తాతలకు తెలిసిన లెక్క

కోస్తా పల్లెల్లో ఒకప్పుడు చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలను తాకేంత కిందికి దిగిన తాటాకు కప్పు. ఎండ గోడమీద పడదు. తుపాను గాలి గుండ్రటి గోడను ఒరుసుకుంటూ పక్కకు పోతుంది. కాస్త ఉన్నవాళ్లవి మండువా లోగిళ్లు. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ వసారా. వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతే, చల్లగాలి గుమ్మంలోంచి లోపలికి వచ్చేది.

అలాగని మళ్లీ పాకల్లోకి వెళ్లిపొమ్మని ఎవరూ అనరు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడితే పేటలకు పేటలే తగలబడిన రోజులున్నాయి. తాటాకు తరచూ మార్చాలి. అందుకే జనం పక్కా ఇల్లు కోరుకున్నారు. అది న్యాయమైన కోరికే. చిక్కల్లా పాకతోపాటు పాకలోని తెలివినీ వదిలేయడంతోనే వచ్చింది.

దాని ఖరీదు చిన్నది కాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండువేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పనికి పోయి వచ్చిన ఒంటికి రాత్రయినా చల్లబడే చోటు కావాలి. రేకుల కింద, కాలిన స్లాబు కింద పడుకునేవారికి ఆ చోటే కరవు. కాబట్టి ఇల్లు చల్లగా ఉండటమంటే సుఖం ఒక్కటే కాదు, ప్రాణం కూడా!

ఐదు మైళ్ల మాట

ఈ తెలివిని కొత్త కట్టడాల్లోకి తెచ్చిన వాస్తుశిల్పి లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయిలో గాంధీజీని కలిశారు. ఇంటికి కావాల్సిన సామగ్రి చుట్టుపక్కల ఐదు మైళ్లలోనే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆయన్ని జీవితాంతం నడిపించింది. కేరళలో సామాన్యుల కోసం ఎన్నో ఇళ్లు కట్టారు. ప్రభుత్వం 1990లో పద్మశ్రీ ఇచ్చింది.

ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతుల్లో ఒకటి 'ర్యాట్ ట్రాప్' కట్టుబడి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి కడతారు. గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు పావువంతు ఆదా! ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. రెండోది స్లాబు అడుగుభాగంలో పాత పెంకులు పేర్చి కాంక్రీటు పోయడం. అక్కడ కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి దాని బదులు పెంకు పెట్టినా బలానికి లోటు రాదు. సిమెంటు ఖర్చు తగ్గుతుంది. అయితే ఈ రెండూ పని తెలిసిన ఇంజినీరు, మేస్త్రీల చేతిమీదుగానే జరగాలి.

చిన్న ఇళ్లకూ ఈ ఆలోచన అవసరమేనని ప్రభుత్వాలు గుర్తించాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పేదల ఇళ్ల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలమిచ్చి, 340 చదరపు అడుగుల ఇంటి నమూనా తయారుచేశారు. ఆ ఇళ్లలో వేడి తగ్గించే మార్గాల మీద రాష్ట్ర ఇంధన పరిరక్షణ మిషన్, ఇండో-స్విస్ ప్రాజెక్టు నిపుణులు కలిసి పనిచేశారు. తెలంగాణ 2023లో ఏకంగా 'కూల్ రూఫ్' విధానమే ప్రకటించింది.

అప్పు ఎన్ని గదులకి?

'ఇల్లు కట్టి చూడు' అని ఊరికే అనలేదు పెద్దలు. అవసరానికి మించి ఓ 400 చదరపు అడుగులు పెంచామనుకుందాం. అడుగుకి రెండువేల లెక్కన ఎనిమిది లక్షలు. తొమ్మిది శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 72 వేలు, అంటే నెలకి ఆరువేలు... ఒట్టి వడ్డీయే! మామిడి రైతుకి ఇది మరీ భారం. పూత బాగా వచ్చినా ఒక్క గాలివాన చాలు, కాయంతా నేలపాలవడానికి. బ్యాంకు మాత్రం ఈ ఏడాది కాపు లేదంటే ఊరుకోదు. పిల్లలు చదువులకి, ఉద్యోగాలకి వెళ్లిపోయాక ఆ గదుల్లో మిగిలేది దుమ్మూ తాళాలే.

ఇప్పుడు చిన్న ఇంటి కరెంటు లెక్క చూడండి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు రోజుకి 18 గంటలు తిరిగితే ఒక యూనిట్ పైచిలుకు. పాత 75 వాట్ల ఫ్యాన్లైతే 2.7 యూనిట్లు. నాలుగు ఎల్ఈడీ బల్బులు, టీవీ, చిన్న ఫ్రిజ్ కలుపుకున్నా రోజుకి రెండు, రెండున్నర యూనిట్లు దాటదు. ఒక కిలోవాట్ సౌరపలకలు రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాట్‌కి 30 వేల రాయితీ ప్రకటించారు. అంటే చిన్న ఇల్లు తన కరెంటు తానే తయారుచేసుకోగలదు. అదే ఇంట్లో టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే అదొక్కటే ఎనిమిది యూనిట్ల దాకా తాగేస్తుంది!

ఉన్న ఇంటికీ ఉపాయాలున్నాయి

ఇప్పటికే కట్టేసుకున్నవాళ్లు బెంగపడక్కర్లేదు.

* వేసవికి ముందే డాబా మీద తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయండి. తెలుపు ఎండని తిప్పికొడుతుంది.

* పడమటి గోడకి నీడ కావాలి. ఆ వైపు పదిహేను, ఇరవై అడుగుల దూరంలో మామిడో వేపో నాటండి. మరీ దగ్గరైతే వేళ్లు పునాదిని ఇబ్బంది పెడతాయి.

* మన వైపు వేసవి పగలు పడమటి నుంచి వడగాలి, సాయంత్రం సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తాయి. అందుకే పగలు పడమటి కిటికీలు మూసి, పొద్దుగూకాక తూర్పు, దక్షిణం కిటికీలు తెరవండి.

* కిటికీకి ఎదురుగా మరో కిటికీ ఉంటేనే గాలి ఆడుతుంది. దాన్ని బీరువాతో మూసేయకండి.

* పాత వస్తువులతో నిండిన గది ఒకటుంటే ముందు దాన్ని ఖాళీ చేయండి. కొత్త గది అవసరం లేదని తేలినా తేలొచ్చు!

చిన్న ఇంట్లో ఇబ్బందులు లేవని కాదు. చుట్టాలొస్తే సర్దుకోవాలి, పిల్లలు చదువుకోవడానికి ఓ మూల కావాలి. ఇలాంటి అవసరాలకే ఉండేవి వసారాలు, అరుగులు. పగలు పిల్లల చదువు, సాయంత్రం కబుర్లు, రాత్రి చుట్టాల పక్కలు... అన్నీ అక్కడే. ఒక్క వసారా మూడు గదుల పని చేసేది.

ఎండ తగ్గాక ఆ వసారాలో కూర్చుని, నీళ్లలో నానేసిన చిన్న రసాన్ని మెల్లగా నలిపి, ముచ్చిక తీసి నోట్లో పెట్టుకుంటే... ఇంట్లో ఎన్ని గదులున్నాయన్నది ఎవరికి గుర్తుంటుంది?