ముగ్గురు ఫార్వర్డులు – ఒక త్రాసు

పసుపు బేరాల రోజుల్లో మా ఆర్మూరులో వాదాలకు కొదవ ఉండదు. నిరుటి కొమ్ము మేలా, ఈ ఏటి కొమ్ము మేలా అని మొదలైన మాట సాయంత్రానికి సినిమా తారల మీదికీ, అక్కణ్ణించి ఆటగాళ్ళ మీదికీ పోతుంది. “ఆ రోజుల ఆటే ఆట!” అంటారు పెద్దవారు. “ఇప్పటి వేగం ముందు మీ వాళ్ళు నిలవగలరా?” అంటారు కుర్రవాళ్ళు. తరగతి గదిలో నాకూ ఇదే చిక్కు. నన్నయ గొప్పవాడా, తిక్కన గొప్పవాడా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కాలాన్ని పక్కనపెట్టి తూచితే త్రాసు మన ఇష్టం వచ్చిన వైపే మొగ్గుతుందని నా జవాబు.

ఆ మాట నిజమో కాదో ఫుట్‌బాల్ మైదానంలో పరీక్షించి చూద్దాం. మన ప్రాంతం మూడు తరాల్లో ముగ్గురు మేటి ఫార్వర్డులను దేశానికిచ్చింది. ఫార్వర్డు అంటే గోలు కొట్టవలసిన భారం నెత్తిన ఉన్న ముందువరుస ఆటగాడు. కొడితే జేజేలు, కొట్టకపోతే శాపనార్థాలు!

మొదటివాడు తులసీదాస్ బలరాం. 1936లో సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టాడు. మాతృభాష తమిళమైనా, ఆట నేర్చింది మన మట్టిమీదనే. బడిపంతులుగా జీవితం ప్రారంభించి, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టునూ భారత జట్టునూ తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం అతని గురువు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం సంపాదించింది. ఆ జట్టులో ఉన్నప్పుడు బలరాంకు ఇరవై ఏళ్ళు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీమీద ఒకటి, పెరూమీద ఒకటి గోళ్ళు కొట్టాడు. ఆ రెండు ఆటలూ మనం ఓడిపోయాం. కానీ ఒలింపిక్స్‌లో హంగరీ వంటి జట్టుమీద గోలు కొట్టడం సామాన్యమా?

రెండవవాడు షబ్బీర్ అలీ. 1956లో, సరిగ్గా జనవరి 26న, హైదరాబాదులో పుట్టాడు. 1974లో బాంకాక్‌లో జరిగిన ఆసియా యువజన పోటీల్లో భారత జట్టు ఇరాన్‌తో సమంగా విజేత అయింది. ఆ జట్టుకు నాయకుడు ఇతనే. టాటా స్పోర్ట్స్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్లలో ఆడాడు. ఆట విరమించాక శిక్షకుడై, 1998–99లో గోవాలోని సాల్గావ్‌కర్ జట్టుకు జాతీయ లీగు గెలిపించాడు. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు.

మూడవ వ్యక్తి గుగులోత్ సౌమ్య. ఈమె మన జిల్లా ఆడపడుచే! నిజామాబాదు జిల్లా కిసాన్‌నగర్ తండాలో 2001లో పుట్టింది. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి, 2024–25లో భారత మహిళా లీగు గెలుచుకున్న జట్టులో నిలిచింది. ఆ ఏటి దేశపు ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఈమెదే. 2025 జూన్‌లో ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియాను 13–0తో చిత్తు చేసినప్పుడు ఈమె కూడా గోళ్ళు కొట్టింది.

ఇక త్రాసు పట్టుకుందాం. తేలికైన పద్ధతి గోళ్ళు లెక్కపెట్టడం. కానీ ఆ లెక్క నమ్మదగినదేనా? బలరాం కాలంలో మన దేశపు ఆటలు చాలావరకు డెబ్బై నిమిషాలవి, ఇప్పుడు తొంభై. అప్పటి పాత పద్ధతిలో అయిదుగురు ఫార్వర్డులుండేవారు. నేడు ఇద్దరు ముగ్గురుంటే ఎక్కువ. ఆనాడు కాలు బెణికినా కుంటుతూ ఆడవలసిందే, మారు ఆటగాణ్ణి దింపే వీలు లేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్తకాళ్ళతోనే ఆడారంటే, కాలం ఎంత మారిందో తెలుస్తుంది. సౌమ్య సంగతి మరొకటి. దేశంలో మహిళా లీగు మొదలైందే 2016–17లో. ముందు నడిచినవారు లేని దారిలో నడవడం వేరు, వేసిన బాటలో నడవడం వేరు.

గోలొక్కటే గీటురాయి కాదనడానికి 1962 జకార్తా ఆసియా క్రీడలే సాక్ష్యం. ఫైనల్లో మనం దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచాం. గోళ్ళు కొట్టింది పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ అసలు బ్యాకు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవాణ్ణి రహీం ముందువరుసలో నిలబెట్టాడు! గోళ్ళ పట్టికలో బలరాం పేరు లేదు. అంతమాత్రాన ఆ స్వర్ణంలో అతని పాలు లేదనగలమా?

కాబట్టి నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. బలమైన ప్రత్యర్థి ఎదుట ఏం చేశాడు? పక్కవాడి ఆటను ఎంత పెంచాడు? ఎంత దూరంనుంచి అక్కడికి చేరాడు? మొదటి ప్రశ్నకు నా ఓటు బలరాంకు. రెండోదానికి షబ్బీర్‌కు, నాయకుడిగానూ శిక్షకుడిగానూ ఇతరులచేత గెలిపించినవాడు గనుక. మూడోదానికి తండానుంచి జాగ్రెబ్ దాకా వెళ్ళిన సౌమ్యకు. మొత్తంమీద ఒక్కరినే చెప్పమంటే బలరాం అంటాను. మరి ఇద్దరు చేయగలిగినదాన్ని, అనారోగ్యంవల్ల ఇరవై ఏడేళ్ళు నిండకముందే ముగిసిన ఆటలో అతను చేసి చూపించాడు.

విచిత్రమేమంటే ముగ్గురూ తొడిగిన చొక్కా ఒకటి – ఈస్ట్ బెంగాల్ వారి ఎరుపు, బంగారు వన్నెలది. మా పసుపు ఊరివాళ్ళకు అది పసుపూ కుంకుమల్లే కనిపిస్తుంది. అంటే మన బిడ్డల ఆటకు ముందుగా విలువ కట్టింది మనం కాదు, కలకత్తావారు! బలరాంకు 1962లో అర్జున పురస్కారం దక్కింది. తోడుగా ఆడిన చునీ గోస్వామికీ, బెనర్జీకీ పద్మశ్రీలు వచ్చాయి. ఇతనికి మాత్రం రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలోనే కన్నుమూశాడు. అమ్ముగూడలో ఇప్పుడు బంతి తన్నే పిల్లల్లో ఎందరికి ఆ పేరు తెలుసు?

పోయినవాణ్ణి పొగడటం తేలిక, ఖర్చులేని పని. సౌమ్య ఇంకా మైదానంలోనే ఉంది. ఆమె ఆడే రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. మీ అమ్మాయి బంతి అడిగితే “ఆడపిల్లకెందుకే” అనకండి. నాలుగో పేరు ఆ పిల్లదే కావచ్చు.