మీకు తెలుసా? రికార్డు రెండోవైపు పాట

‘దొంగ’ (1985) సినిమాలో చిరంజీవి ‘గోలీమార్’ పాటకు స్ఫూర్తి మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో అని మనలో చాలామందికి తెలుసు. అదే ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో మొదటి పాట చివర, ఒకే మాటను ముక్కలుగా విరిచి మళ్లీ మళ్లీ పాడే ఒక కోరస్ వస్తుంది. ఆ కోరస్ పుట్టింది అమెరికాలో కాదని మీకు తెలుసా? దానికి పదేళ్ల ముందే, 1972లో, కామెరూన్ దేశపు కళాకారుడు మాను దిబాంగో దాన్ని పాడి రికార్డు చేశారు. శాక్సఫోన్ వాయించడం, పాడటం, బాణీలు కట్టడం, వాద్యబృందాలు నడపడం, ఇతరుల రికార్డులకు సంగీతం కూర్చడం, అన్నీ ఆయన పనులే. నాట్యసంగీతాన్ని ఆఫ్రికా నుంచి ప్రపంచానికి చేర్చినవాళ్లలో ముందు వరుసలో నిలవాల్సిన మనిషి. ఆయన బాణీ మోగినన్ని చోట్ల ఆయన పేరు మోగలేదు. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం ఆయనకే.

దిబాంగో 1933 డిసెంబర్ 12న దువాలా అనే రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి, తల్లి దుస్తులు కుట్టే వ్యాపారం చేసేది. ఇద్దరివీ వేర్వేరు తెగలు. పాటతో తొలి పరిచయం ప్రొటెస్టెంట్ చర్చిలో జరిగింది.

పదిహేనేళ్ల వయసులో, 1949లో, చదువుకోమని తండ్రి ఆయన్ని ఓడెక్కించి ఫ్రాన్స్ పంపారు. మార్సెయ్ రేవు చేరడానికి మూడు వారాలు పట్టింది. అక్కడ తనను ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి ఇవ్వడానికి కుర్రాడు వెంట తీసుకెళ్లింది ఏమిటో తెలుసా? మూడు కిలోల కాఫీ గింజలు! రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లయినా ఫ్రాన్స్‌లో కాఫీ అపురూపంగానే ఉన్న రోజులవి. నలభై ఏళ్ల తర్వాత రాసుకున్న ఆత్మకథకు ఆయన పెట్టిన పేరు కూడా ‘మూడు కిలోల కాఫీ’యే.

చదువు మాత్రం తండ్రి కోరుకున్నట్టు సాగలేదు. ఫ్రాన్స్‌లోని కామెరూన్ పిల్లల కోసం ఏర్పాటైన ఒక వేసవి శిబిరంలో, స్నేహితుడు చేతికిచ్చిన శాక్సఫోన్ ఆయన్ని పట్టేసింది. తర్వాత రచయితగా, గాయకుడిగా పేరు తెచ్చుకున్న ఫ్రాన్సిస్ బెబే పరిచయమైందీ అక్కడే. పరీక్ష తప్పేసరికి 1956లో తండ్రి డబ్బు పంపడం మానేశారు. కుర్రాడు బ్రస్సెల్స్ వెళ్లి క్లబ్బుల్లో వాయిస్తూ పొట్టపోసుకున్నాడు.

బ్రస్సెల్స్‌లో ఆయన అడుగుపెట్టిన సమయం చూడండి. బెల్జియం చేతిలోంచి కాంగో బయటపడబోతోంది. 1960లో చర్చల కోసం కాంగో నాయకులు అక్కడికి వచ్చారు, వాళ్లతోపాటు ‘ఆఫ్రికన్ జాజ్’ అనే వాద్యబృందమూ వచ్చింది. దాని నాయకుడు జోసెఫ్ కబసెలే. స్వాతంత్ర్యం వస్తోందన్న సంబరంతో ఆయన కట్టిన ‘ఇండిపెండెన్స్ చాచాచా’ ఖండమంతా మోగింది. దిబాంగో ఆ బృందంలో చేరి, వాళ్లతోనే కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్ వెళ్లారు. నేటి కిన్షాసా అదే. చిన్నప్పుడే ఇల్లు విడిచి యూరప్‌లో పెరిగిన మనిషికి ఆఫ్రికా నాట్యసంగీతం లోతు తెలిసింది ఇక్కడే అని నాకనిపిస్తుంది. ఆ తర్వాత దువాలాకు తిరిగొచ్చి క్లబ్బు పెడితే నష్టాలే మిగిలాయి. 1965లో మళ్లీ ఫ్రాన్స్ చేరి ఇతర గాయకుల వెనక ఆర్గన్, శాక్సఫోన్ వాయించారు.

ఇక 1972. ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పుకు కామెరూన్ ఆతిథ్యమిచ్చింది. పోటీల గీతం కట్టమని దిబాంగోకు కబురొచ్చింది. ఆయన కట్టారు. చిన్న రికార్డు ఒకవైపు ఆ గీతం ఉంది. రెండోవైపు ఖాళీగా ఉంచలేరు కదా, అందుకని ‘సోల్ మకోసా’ అనే మరో పాట చేర్చారు. మకోసా దువాలా జనం నాట్యసంగీతం. దానికి అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతాన్ని జోడించి, బేస్ గిటారు, డ్రమ్స్ కదలకుండా ఒకే నడకలో పోతుంటే మీద శాక్సఫోన్ పిలుపులా మోగేట్టు కూర్చారు. మధ్యలో బొంగురు గొంతుతో, సగం మాటగా సగం పాటగా ‘మకోసా’ అన్న పదాన్నే తడబడుతున్నట్టు విరిచి పలికారు. సొంత ఊళ్లో అది విన్నవాళ్లకు నవ్వొచ్చింది.

కప్పు కామెరూన్‌కు రాలేదు. సెమీఫైనల్లో మరో కాంగో (బ్రాజవిల్) చేతిలో ఒక్క గోలుతో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

పోటీలు ముగియడంతో గీతం పని అయిపోయింది. రెండోవైపు పాట మాత్రం అట్లాంటిక్ దాటింది. న్యూయార్క్‌లో డేవిడ్ మాంకూసో అనే ఆయన తన ఇంట్లోనే నాట్యవిందులు నడిపేవారు. ఆ చోటును ‘ది లాఫ్ట్’ అనేవారు. ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశం, మద్యం అమ్మకం లేదు, మంచి సౌండు, తెల్లవార్లూ నాట్యం. బ్రూక్లిన్‌లో కరీబియన్ సంగీతం అమ్మే దుకాణంలో ఆయనకు ‘సోల్ మకోసా’ రికార్డు దొరికింది. ఆయన వేశారు, జనం ఊగిపోయారు. డబ్ల్యూబీఎల్ఎస్ రేడియోలో ఫ్రాంకీ క్రాకర్ కూడా దాన్ని పదే పదే వినిపించడంతో ఊరంతా దుకాణాల మీద పడింది. కానీ రికార్డులేవీ? ఫ్రాన్స్ నుంచి వచ్చినవి పట్టుమని కొన్నే. అసలు పాట దొరక్కపోయేసరికి అమెరికాలో ఎన్నో బృందాలు హడావుడిగా నకళ్లు చేసి అమ్మాయి. చివరికి అట్లాంటిక్ రికార్డ్స్ సంస్థ హక్కులు కొని 1973లో అసలు పాటను విడుదల చేసింది. బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో అది 35వ స్థానం దాకా ఎక్కింది. ఒక దశలో అసలూ నకలూ రెండూ ఆ జాబితాలో కలిసే ఉన్నాయి. గ్రామీకి నామినేషన్ కూడా వచ్చింది.

‘డిస్కో’ అన్న మాట ఇంకా జనం నోట బాగా పడని కాలమది. రేడియో కంటే ముందే, నాట్యవేదికల మీద జనం కాళ్లు ఓటేసి గెలిపించిన తొలి పాటల్లో ఇదొకటి. డిస్కో చరిత్ర చెప్పేటప్పుడు న్యూయార్క్ నుంచి మొదలుపెట్టి దువాలాను మరిచిపోవడం అన్యాయం.

1982లో ‘మకోసా’ కోరస్‌ను వాడుకున్న జాక్సన్ పాట వచ్చింది. దిబాంగో పేరు అందులో లేదు. ఆయన దావాకు దిగితే, వ్యవహారం కోర్టు బయట డబ్బు చెల్లింపుతో తేలింది. అక్కడితో ఆగలేదు. 2007లో రిహానా ‘డోంట్ స్టాప్ ద మ్యూజిక్’ పాటలో మళ్లీ అదే కోరస్. ఆమె తరఫువాళ్లు అనుమతి అడిగింది జాక్సన్‌ని! అసలు కర్తను అడగలేదంటూ దిబాంగో 2009లో ప్యారిస్ కోర్టుకెక్కారు. ఫ్రాన్స్‌లో విడుదలైన రికార్డు మీద పేరు వేయించుకునే ఏర్పాటు అంతకుముందే జరిగింది కాబట్టి దావా చెల్లదని కోర్టు కొట్టేసింది. ఒక బాణీ మరో పాటలోకి వెళ్లడం సంగీతంలో ఎప్పుడూ ఉన్నదే, అందులో తప్పు లేదు. కానీ తీసుకున్నవాడి దగ్గర అనుమతి పుచ్చుకుంటే సరిపోతుందనుకోవడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

ఈ పోరాటం తన ఒక్కరి కోసమే చేసింది కాదు. కామెరూన్ కళాకారులకు రాయల్టీలు రాబట్టేందుకు ఏర్పడిన సంస్థ, కామెరూన్ మ్యూజిక్ కార్పొరేషన్‌కు తొలి అధ్యక్షుడు ఆయనే. పదవిలో ఉన్నంతకాలం రాయల్టీల తగాదాల మధ్యే గడిచింది.

ఒక్క పాటతో ఆగిపోయిన మనిషీ కాదు. 1975 నుంచి నాలుగేళ్లు అబిజాన్‌లో ఐవరీ కోస్ట్ రేడియో, టీవీ వాద్యబృందాన్ని నడిపారు. ఇథియోపియా కరువు బాధితుల కోసం ఆఫ్రికా కళాకారులను కూడగట్టి పాట చేశారు. 1985లో హెర్బీ హాన్‌కాక్‌తో కలిసి ‘ఎలక్ట్రిక్ ఆఫ్రికా’ చేశారు. 1994 నాటి ‘వకాఫ్రికా’లో యూసు న్డూర్, సలీఫ్ కేటా, ఏంజెలిక్ కిజో లాంటివాళ్లు ఆయన పిలిస్తే వచ్చి పాడారు. 2004లో యునెస్కో శాంతి కళాకారుడిగా గౌరవించింది. 2020 మార్చి 24న, 86 ఏళ్ల వయసులో, కోవిడ్ ఆయన్ని ఫ్రాన్స్‌లో బలి తీసుకుంది. ఆ మహమ్మారి తీసుకెళ్లిన తొలి ప్రపంచ ప్రసిద్ధుల్లో ఆయన ఒకరు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక్క మాట. పశ్చిమ ఆఫ్రికా పల్లెలో బుడతడు కిరికు కథలు ఫ్రాన్స్‌లో కార్టూన్ సినిమాలుగా వచ్చాయి. వాటిలో 2005లో వచ్చిన రెండో సినిమా, ‘కిరికు అండ్ ద వైల్డ్ బీస్ట్స్’, సంగీతం మాను దిబాంగోదే. పిల్లలకు చూపించండి. టైటిల్స్‌లో ఆయన పేరు వచ్చినప్పుడు పైకి చదివి వినిపించండి.