కాకినాడ సాయం... క్యాన్సర్‌పై సమరం!

రంగూన్‌లో గడించిన ఆస్తిని దానధర్మాలకు రాసిచ్చిన మల్లాడి సత్యలింగం నాయకర్ పేరు తెలియనివారు కాకినాడలో అరుదు. ఆయన పేరిట నడిచే ధర్మసంస్థ ఓ యువ వైద్యుడి విదేశీ చదువుకు చేయూతనిచ్చింది. మామగారి సాయమూ తోడైంది. ఆ యువకుడు బోస్టన్‌లో దిగారు. ఆయనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకు మరీ అవసరం. అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ కణాన్ని మోసగించే మందు ఉంటే? లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అలాంటిదే. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ సోకిన 16 మంది చిన్నారులకు ఇచ్చారు. పది మందిలో గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. కానీ ఆ ఊరట కొన్నాళ్లే... జబ్బు తిరగబెట్టింది!

ఇప్పటికీ క్యాన్సర్‌తో అసలు చిక్కు అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌నే తీసుకోండి. కొందరిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో లోపం ఉంటుంది. దానికి గురిపెట్టిన జెఫిటినిబ్ లాంటి మాత్రలు మొదట్లో బాగా పనిచేస్తాయి. ఏడాది అటూఇటూగా వ్యాధి మళ్లీ తలెత్తుతుంది. వారిలో సగం మందికి పైగా టి790ఎం అనే కొత్త మార్పు కనిపిస్తుంది. తాళం మారిపోతే పాత తాళంచెవి పనిచేయదు కదా!

ఈ కొత్త తాళానికి తగ్గట్టు తయారైందే ఒసిమెర్టినిబ్. దీన్ని అలా జబ్బు తిరగబెట్టిన 419 మందిపై పరీక్షించారు. కొందరికి ఈ మాత్ర, మిగతావారికి కీమోథెరపీ. ఆ కీమో మందుల్లో ఒకటైన పెమెట్రెక్సెడ్ కూడా ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునేదే... సుబ్బారావు బృందం వేసిన బాటలోదే!

ఫలితాలు 2016లో వెలువడ్డాయి. కీమోతో వ్యాధి సగటున 4.4 నెలలు అదుపులో ఉంటే, కొత్త మాత్రతో 10.1 నెలలు ఉంది. తీవ్రమైన దుష్ఫలితాలూ తగ్గాయి. మొత్తం ఆయుష్షులో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. కీమో తీసుకున్నవారిలో చాలామందికి తర్వాత ఇదే మాత్ర ఇవ్వడం అందుకో కారణం. 2018 నుంచి దీన్ని తొలి చికిత్సగానూ వాడుతున్నారు. దీనికీ లొంగని కణాలున్నాయి. వాటికోసం మరిన్ని మందులను పరీక్షిస్తున్నారు.

జబ్బు తిరిగొచ్చిందంటే దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. కణం మారి ఉండొచ్చు. మళ్లీ ముక్క పరీక్ష చేయాలా, రక్తపరీక్షతో తెలుస్తుందా అని డాక్టరుని అడగాలి. పాత రిపోర్టులన్నీ భద్రంగా దాచాలి. తర్వాతి మందు ఏదో తేల్చడానికి అవే ఆధారం.