రెండు సముద్రములకుఁ బాఱు వాఁగు

నదులు పర్వతములయందుఁ బుట్టి, త్రోవలో నుపనదులఁ గలుపుకొని, సముద్రము చేరువ నైనప్పుడు పాయలుగాఁ జీలుట సామాన్యవిధి. గోదావరి త్ర్యంబకమునఁ బుట్టినది. పడమటి సముద్రము దగ్గఱనే యున్నను సహ్యాద్రి యడ్డగుటచేఁ దూర్పునకే మరలినది. ధవళేశ్వరము దాఁటిన పిమ్మట గౌతమీ వసిష్ఠలుగా విడిపోయినను ఆ పాయలు చేరునది యొక్క సముద్రమునే. పాయలు చీలుట వింత కాదు. నదీముఖమునఁ గాక నదీశిరస్సున, అందును రెండు మహాసముద్రములకుఁ జీలుటయే వింత. ఈ యుత్సర్గమున కట్టి యపవాద మమెరికా దేశమున వయోమింగు రాష్ట్రములోని టీటను మహారణ్యమునఁ గలదు.

ఎల్లోస్టోను జాతీయోద్యానమునకు దక్షిణమున 'టూ ఓషన్ పాస్', అనఁగా రెండుసముద్రముల కనుమ, యున్నది. ఎత్తు సుమారు 8,100 అడుగులు. ఆ ఖండపు జలవిభాజకరేఖ దీనిమీఁదుగాఁ బోవును. ఉత్తరపు పీఠభూమినుండి యొక చిన్నవాఁగు దిగివచ్చి సరిగా నా రేఖపైనే రెండుగాఁ జీలుచున్నది. తూర్పుపాయకు 'అట్లాంటిక్ వాఁగు' అనియుఁ బడమటిపాయకు 'పసిఫిక్ వాఁగు' అనియుఁ బేళ్ళు. మొదటిది ఎల్లోస్టోను, మిస్సోరి, మిసిసిపి నదులవెంట 3,488 మైళ్ళును, రెండవది స్నేకు, కొలంబియా నదులవెంట 1,353 మైళ్ళును నడచి సముద్రములఁ గలియునని యచ్చటి ఫలకముపై వ్రాసియున్నారు. మన నదులకుఁ బేళ్ళు సాధారణముగా జన్మమునుబట్టియో మహిమనుబట్టియో వచ్చినవి. వీనికి గమ్యమునుబట్టి వచ్చినవి.

జిమ్ బ్రిడ్జరను వేఁటకాఁ డీ సంగతి ముందే చెప్పెను. కాని కట్టుకథల కతఁడు పేరుపడినవాఁ డగుటచే నమ్మినవారు తక్కువ. 1860లో రేనాల్డ్సను సేనాని యతనినే దారిచూపరిగాఁ గొని యెల్లోస్టోను శిరోభాగమునకుఁ బోఁజూచి మంచుచే నాఁగిపోయెను. 1873లో జోన్సను మఱియొక సేనాని కనుమ దాఁటి, వేఁటకాఁడు చెప్పినది నిజమే యని కనుఁగొనెను.

జలవిభాజక మనఁగా నదుల నీటిని వేఱుచేయు గట్టు అని పాఠశాలలలో వల్లింపించుట పరిపాటి. ఆ లక్షణమున కిచట నవ్యాప్తిదోషము పట్టుచున్నది. ఇక్కడ గట్టు లేదు. పచ్చికయు బురదయుఁ గల చదునునేల యున్నది. నీరు అటు నిటు వాలుటకు మొదలైన రేఖ జలవిభాజక మనుట మేలు. అది గట్టును గావచ్చును, చిత్తడినేలయుఁ గావచ్చును. ఇట్టి నేలపై వాఁగు తెచ్చిన కంకరయే నీటికి దారి చూపును. ఒక చెట్టు కూలి యడ్డుపడినఁ జాలును, ఒక పాయ వాటా తగ్గి రెండవదాని వాటా పెరుగును.

ఈ చిత్తడినేల వేఱొక చిక్కునుగూడ విప్పినది. ఎల్లోస్టోను సరస్సునకు దిగువ, నదిలో 308 అడుగుల జలపాతము గలదు. క్రిందినుండి చేప యెక్కిపోవుట యసాధ్యము. అయినను సరస్సులో 'కట్‌త్రోట్' అను ట్రౌటుచేపలు స్వభావసిద్ధముగా నున్నవి. 1891లో బార్టను ఎవర్మను అను మత్స్యశాస్త్రజ్ఞుఁడు కనుమకుఁ బోయి రెండు పాయలను బరీక్షించి, చేపలకు రాకపోకలు సులభమే యని తేల్చెను. పసిఫిక్ వైపుచేపలు కొండయెక్కి, యీ బురదనీటిలోనుండి యవ్వలికి దిగి సరస్సుఁ జేరినవని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.