లాయర్, అడ్వకేట్, సనద్: కోర్టులో మీ తరఫున మాట్లాడే హక్కు ఎవరికి?

"నేను లాయర్‌ని, మీ కేసు నేను చూసుకుంటా" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేస్తాం. ఒంటిమీద నల్లకోటు ఉంటే ఇక ఏమీ అడగం. కానీ కేసు మనది, కట్టే డబ్బూ మనదే. అందుకే ఈ ఎపిసోడ్‌లో కొన్ని మాటలకు అసలు అర్థం ఏంటో చూద్దాం.

మొదటిది, లా గ్రాడ్యుయేట్. అంటే ఎల్ఎల్‌బీ పాసయ్యారు, అంతవరకే. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఇంకొకరి తరఫున కోర్టులో వాదించే హక్కు రాదు. ఆ హక్కు ఉన్నవాళ్లను చట్టం "అడ్వకేట్" అంటుంది. మనం మాత్రం ఇద్దరినీ "లాయర్" అనేస్తాం. గందరగోళమంతా అక్కడే.

మరి అడ్వకేట్ ఎలా అవుతారు? ఎన్‌రోల్‌మెంట్ ద్వారా. 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం 21 ఏళ్లు నిండిన లా గ్రాడ్యుయేట్ రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఎక్కించుకోవాలి. అప్పుడిచ్చే సర్టిఫికెట్‌నే సనద్ అంటారు. లా చదువుతున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: చట్టంలో ఉన్న ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. చాలా రాష్ట్రాల్లో వేలల్లో తీసుకుంటుంటే, స్టాంపు డ్యూటీ తప్ప అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

తర్వాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. 2009-10 నుంచి డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఇది పాసైతేనే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ వస్తుంది. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది.

ఇంకో తికమక: బార్ కౌన్సిల్ వేరు, బార్ అసోసియేషన్ వేరు. మొదటిది చట్టం ఏర్పాటు చేసిన సంస్థ, ఎన్‌రోల్‌మెంట్ ఇచ్చేది అదే. రెండోది లాయర్ల సంఘం. సంఘం కార్డు చూపించినంత మాత్రాన సరిపోదు.

"సీనియర్ అడ్వకేట్" అంటే వయసులో పెద్ద అని కాదు. అది సుప్రీంకోర్టో, హైకోర్టో ఇచ్చే హోదా.

ఇక వకాలత్. ఫలానా అడ్వకేట్ నా తరఫున హాజరవుతారని మీరు సంతకం పెట్టి ఇచ్చే కాగితం. అందులో అడ్వకేట్ పేరు, కేసు వివరాలు చూడకుండా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

మీ కేసు మీరే వాదించుకోవచ్చు, దానికి సనద్ అక్కర్లేదు. కానీ హక్కు లేకుండా ఇంకొకరి కోసం కోర్టులో ప్రాక్టీస్ చేస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది.

కాబట్టి డబ్బు ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న: "సార్, మీ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ చెప్తారా?" ఆ నంబర్‌ను రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో కనుక్కోండి. నిజమైన అడ్వకేట్‌కి అది చెప్పడానికి ఇబ్బందేమీ ఉండదు. అడగడానికి మీరూ మొహమాటపడకండి. ఇంట్లో ఎవరికైనా కోర్టు పని ఉంటే వాళ్లకీ ఈ విషయం చెప్పండి. ఉంటాను మరి.