పగ్గాలు పట్టే ముందు

విరాటుని అంతఃపురంలో స్త్రీల ముందు ఉత్తరకుమారుడు పలికిన బీరాలు తెలుగువారి నోట సామెతగా నిలిచిపోయాయి. కౌరవసేన కంటబడగానే అతని గుండె జారింది. రథం మీది నుంచి దూకి పరుగు తీశాడు. తిక్కన విరాటపర్వంలో ఈ ఘట్టం చదివినవారు ఉత్తరుణ్ణి చూసి నవ్వుకుంటారే గాని, బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు ఆ తరువాత చేసిన పనిని అంతగా గమనించరు. అర్జునుడు అతణ్ణి వెంబడించి పట్టుకున్నాడు, ఊరడించాడు, చేయలేని పనిని తప్పించి చేయగలిగిన పనిని అప్పగించాడు. యుద్ధం తన వంతు, పగ్గాలు పట్టడం ఉత్తరుని వంతు. పారిపోయిన ఆ పిరికివాడే ఆనాడు అర్జునునికి సారథి అయ్యాడు. కర్ణపర్వంలో శల్యుని తీరు దీనికి విరుద్ధం. కర్ణుని రథం మీదనే కూర్చుండి, అడుగడుగునా అతణ్ణి కించపరుస్తూ, మహావీరుని ఉత్సాహాన్ని సైతం నీరుగార్చాడు.

వాహనం నడపడం నేర్పేవారిలో ఈ రెండు రకాలవారూ కనిపిస్తారు. మోటారు సైకిలు విషయంలో ఈ భేదం మరీ స్పష్టమవుతుంది. కారు నిటారుగా నిలబడటానికి నడిపేవారి ధైర్యంతో పనిలేదు. రెండు చక్రాల బండికి మాత్రం నడిపేవారి మనఃస్థితి క్షణాలలో చేతులలోకి, చేతుల నుంచి చక్రాలలోకి దిగుతుంది.

రోజుకు రెండే బస్సులు తిరిగే పల్లెకు కొత్తగా నియమితురాలైన ఒక ఉపాధ్యాయినిని ఊహించుకోవచ్చు. బడి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంట్లో తండ్రి వాడిన 100 సీసీ మోటారు సైకిలు ఉంది. చిన్ననాడు సైకిలు మీది నుంచి పడి మోచేయి విరిగినప్పటి నుంచి ఆమెకు రెండు చక్రాలంటే వణుకు. బాబాయి నేర్పడానికి ఒప్పుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామున ఉన్నత పాఠశాల మైదానంలో అభ్యాసం మొదలైంది. చూడవచ్చిన పిల్లలను బాబాయి మొదటనే పంపివేశాడు. పడితే నవ్వేవారు ఎదురుగా ఉండగా ఎవరికీ ఏ విద్యా సరిగా పట్టుబడదు.

తొలి గంటలో ఇంజను మోగనే లేదు. అటువంటి బండి బరువు ఇంచుమించు 110 కిలోలు. దానిని తోసుకుంటూ మైదానం చుట్టూ నడవడం, స్టాండు వేయడం, తీయడం, కూర్చుండి రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోవడం, ఇవే ఆనాటి పాఠాలు. బండి నిటారుగా ఉన్నంతసేపు ఒక్క చేత్తో నిలపవచ్చు. ఒక హద్దు దాటి ఒరిగితే బలవంతులు కూడా ఆపలేరు. ఆ హద్దు ఎక్కడుందో శరీరానికి తెలిసిన తరువాత సగం భయం దానంతట అదే తగ్గుతుంది. తెలియని బరువే మనిషిని ఎక్కువగా భయపెడుతుంది.

మిగిలిన సగం భయం కుడిచేతిలో ఉంటుంది. జంకినవాని చేయి దొరికినదానిని గట్టిగా పట్టుకుంటుంది. అది మానవ సహజం. మోటారు సైకిలుకు వేగాన్నిచ్చే యాక్సిలరేటర్ ఆ కుడిచేతి పిడిలోనే ఉన్నది. భయంతో పిడి బిగించిన మనిషి వెనక్కు వాలుతాడు. మణికట్టు తిరుగుతుంది, బండి ముందుకు దూకుతుంది. దూకిన కొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. గోడకు, చెట్టుకు, నిలిచి ఉన్న ఎద్దులబండికి కొత్తవారు గుద్దుకునే సంఘటనలలో ఈ చిన్న చక్రభ్రమణమే తరచుగా కారణం. వెనుక నుంచి "బ్రేకు! బ్రేకు!" అని కేకలు వేసే శిక్షకుడు ఆ భయానికి ఆజ్యం పోస్తాడే గాని దానిని తెంచలేడు. తెంచే సాధనం ఎడమచేతిలో ఉంది. అదే క్లచ్.

ఇంజను శక్తికీ వెనుక చక్రానికీ మధ్య ఉన్న బంధమే క్లచ్. దానిని పూర్తిగా నొక్కితే ఆ బంధం తెగుతుంది. ఇంజను ఎంత అరచినా చక్రానికి కొత్త బలం అందదు, బ్రేకు వేస్తే బండి నిలుస్తుంది. అందుకే బాబాయి ఆమెకు కదలడం కంటే ముందు ఆగడం నేర్పాడు. "బండి నీ మాట వినడం లేదనిపిస్తే ఏమీ ఆలోచించవద్దమ్మా. ఎడమచేయి మూసెయ్యి, అంతే" అన్నాడు. ఆమె మొదటి గేరులో రెండడుగులు కదిలి, క్లచ్ నొక్కి, బ్రేకు వేసి నిలిపింది. అదే పని నలభైసార్లు చేసింది. చూసేవారికి విసుగు పుట్టించే ఈ అభ్యాసమే ఆమెకు అభయహస్తమయింది. తాను ఎప్పుడైనా ఆపగలనని తెలిసిన మనిషి ముందుకు పోవడానికి జంకదు.

క్లచ్‌ను వదలడంలో మెలకువ వేరు. ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరిపడి ఇంజను ఆగిపోతుంది. మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజను శబ్దం కొద్దిగా బరువెక్కుతుంది, బండి ముందుకు ఒరగబోతున్నట్లు తోస్తుంది. చక్రం బలాన్ని అందుకునేది అక్కడే. యాక్సిలరేటర్ అతి స్వల్పంగా ఇస్తూ ఆ చోట చేతిని ఒక క్షణం నిలపగలిగితే బండి నీటిమీద పడవలా కదులుతుంది. ఈ చోటు ప్రతి బండికీ కొంత వేరుగా ఉంటుంది. మాటలతో చెప్పడం కష్టం. వేళ్లే దానిని వెతుక్కోవాలి. అక్కడ తొందరపెట్టే గురువు శల్యునికి చుట్టమే.

నెమ్మదిగా పోతే క్షేమమని కొత్తవారు నమ్ముతారు. అది కొంతవరకే నిజం. మనిషి నడకకన్నా తక్కువ వేగంలో బండి ఊగిసలాడుతుంది. కొంత వేగం పుంజుకుంటే దానంతట అది నిలదొక్కుకుంటుంది. ఆ వేగం అందేవరకు కళ్లను ముందు చక్రం మీద నిలపడం ఇంకొక పొరపాటు. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. గుంటనే చూస్తూ గుంటను తప్పించుకున్నవారు అరుదు. బాబాయి మైదానం చివరన ఉన్న వేపచెట్టు కొమ్మను చూపించి, దానిని చూస్తూ రమ్మన్నాడు. వంకరటింకరగా సాగిన చక్రపు జాడ మూడవ వారానికి గీత గీసినట్లు వచ్చింది.

బ్రేకుల విషయంలో అపోహలు ఎక్కువ. ముందు బ్రేకు వేస్తే బండి తిరగబడుతుందని పెద్దలు చెప్పే మాట ఇంటింటా వినిపిస్తుంది. నిజానికి బండి ఆగేటప్పుడు భారం ముందు చక్రం మీదికి మళ్లుతుంది. అందువల్ల ఆపే శక్తిలో అధికభాగం ముందు బ్రేకుదే. రెండింటినీ కలిపి, క్రమంగా బిగించాలి. అయితే ఇసుక మీద, తడి మీద, హ్యాండిల్ మలుపు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకును హఠాత్తుగా బిగిస్తే పడటం తథ్యం. 2019 నుంచి వచ్చే కొత్త బండ్లలో 125 సీసీకి మించినవాటికి చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏర్పాటు, తక్కినవాటికి రెండు బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. తండ్రి నాటి పాత బండిలో అవి ఉండవు కనుక ఆ వివేకం చేతికే అబ్బాలి.

భౌతికశాస్త్రం చదివేవారు ఒక లెక్క వేసి చూడవచ్చు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. అడ్డువచ్చిన గేదెను చూసి చేయి బ్రేకు మీద పడటానికి ఒక సెకను పట్టిందనుకుంటే, అప్పటికే 10 మీటర్లు గడిచిపోతాయి. సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే, ఆగడానికి మరొక 10 మీటర్లు కావాలి. వేగం 72 కిలోమీటర్లయితే మొదటి దూరం 20 మీటర్లు, రెండవది 40. వేగం రెట్టింపయింది, దూరం 20 నుంచి 60 మీటర్లకు పెరిగింది. గేదె మాత్రం ఉన్నచోటనే ఉంది.

2022లో మనదేశపు రహదారులపై 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్ ధరించి, గడ్డం కింద పట్టీ బిగించుకోవడం అందుకే తొలి పాఠంలో భాగం. పట్టీ బిగించని హెల్మెట్ తల కంటే ముందే నేలకు చేరుతుంది. చీరకొంగు, చున్నీ వెనుక చక్రంలో చిక్కకుండా దోపుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఇంటర్ విద్యార్థులు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లవారికి చట్టం అనుమతించేది గేర్లు లేని, 50 సీసీకి మించని బండిని మాత్రమే, అదీ పెద్దల సమ్మతితో. 2019 నాటి సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఉపాధ్యాయిని మొదట అభ్యాస లైసెన్సు తీసుకుంది. దాని గడువు ఆరు నెలలు. తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరాన్ని బండికి ముందు వెనుకల కట్టుకుంది. నేర్పేవారిని తప్ప మరెవరినీ ఎక్కించుకోలేదు. నెల గడిచాక పరీక్షకు వెళ్లింది.

పరీక్షకు ముందు ఒక ఆదివారం ఆమె తొలిసారి బడి ఉన్న పల్లెదాకా నడిపింది. బాబాయి వెనుక కూర్చున్నాడు. వంతెన దాటగానే రోడ్డుకు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది, ఎదురుగా ట్రాక్టరు వస్తోంది. ఆమె ఎడమచేయి మూసింది. బండి నిలిచింది. పాదాలు నేలకు ఆనించి, ట్రాక్టరు పోయేవరకు వేచి, ఇద్దరూ దిగి బండిని ధాన్యం పక్కనుంచి తోసుకుంటూ దాటించారు. బాబాయి ఏమీ అనలేదు. మళ్లీ ఎక్కేటప్పుడు ఆమే అడిగింది: "స్టాండు తీశానా, బాబాయ్?"