మీకు తెలుసా? జలకన్యకూ వారసులున్నారు!

కోపెన్‌హేగన్ రేవులో రాతి మీద కూర్చున్న ‘లిటిల్ మెర్‌మెయిడ్’ కంచు విగ్రహం ఎత్తు 1.25 మీటర్లే. ‘ఇంతేనా!’ అని పెదవి విరిచినవాళ్లూ సెల్ఫీ దిగకుండా కదలరు. 1913లో నెలకొల్పిన ఈ జలకన్యను ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు. చిక్కల్లా దాన్ని పత్రికలో అచ్చేస్తేనే. శిల్పి ఎడ్వర్డ్ ఎరిక్సన్ 1959లో పోయారు. అక్కడ కాపీరైటు ఆ తర్వాత 70 ఏళ్లుంటుంది, అంటే 2029 చివరిదాకా. జలకన్యను జాంబీగా గీసిన కార్టూన్, మాస్కు తొడిగిన ఫొటో వేసినందుకు ఓ డేనిష్ దినపత్రిక మీద ఆయన వారసులు కోర్టుకెక్కారు. కింది కోర్టుల్లో పత్రిక ఓడింది. 2023లో సుప్రీంకోర్టు మాత్రం పత్రిక పక్షానే తీర్పిచ్చింది. వ్యంగ్యానికి ఆమాత్రం చోటుండాలి మరి!

మనకీ బెడద లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీయొచ్చు, ప్రచురించనూవచ్చు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలను నిక్షేపంగా క్లిక్‌మనిపించండి. కాకపోతే పొద్దున్నే వెళ్లండి. హుస్సేన్‌సాగర్‌కు వీపు పెట్టి నిలబడ్డ మహనీయులు కదా, సాయంత్రమైతే సూర్యుడు వెనక్కి చేరి ముఖాలు నల్లగా పడతాయి.